పెళ్లి నిజమేనని కాన్సులేట్‌లో చూపించేదెలా?

అమెరికా పౌరసత్వం ఉన్న భర్త లేదా భార్య వేసిన ఐ-130 పిటిషన్ (జీవిత భాగస్వామిని అమెరికా తీసుకెళ్లడానికి వేసే దరఖాస్తు) మీద వీసా ఇంటర్వ్యూకి వెళ్లబోతున్నవారు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. పెళ్లయ్యాక మూడు వారాలు కలిసి ఉన్నాం. తర్వాత ఆయన డాలస్ వెళ్లిపోయారు. ఐ-130 ఆమోదం వచ్చింది, ముంబైలో ఇంటర్వ్యూ. మాకు ఉమ్మడి ఇల్లు లేదు, జాయింట్ అకౌంట్ లేదు, పిల్లలు లేరు. ఏం తీసుకెళ్లాలి?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆఫీసర్ తేల్చుకోవాల్సింది ఒక్కటే. పెళ్లి నాటికి మీ ఇద్దరికీ కలిసి కాపురం చేయాలన్న ఉద్దేశం ఉందా, లేక గ్రీన్‌కార్డు కోసం జరిపించుకున్న కాగితం పెళ్లా అని. 1983లో లారియానో కేసులో అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు చెప్పిన కొలమానం ఇది. పెళ్లికి ముందూ తర్వాతా మీరు నడుచుకున్న తీరును బట్టే ఆ ఉద్దేశాన్ని అంచనా వేస్తారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడం ఏమాత్రం లోటు కాదు.

ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, కలిపిన డబ్బు, పిల్లల జనన ధ్రువపత్రాలు, తెలిసినవాళ్ల అఫిడవిట్లు, ఇతర ఆధారాలు. ఐ-130 సూచనల్లో ఉండే జాబితా ఇది. ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉన్నప్పుడు మొదటి రెండూ దాదాపు ఎవరికీ ఉండవు. కాబట్టి మీ బలమంతా చివరి ‘ఇతర ఆధారాల’లోనే ఉంటుంది. దాన్ని కాలక్రమంలో పేర్చండి.

పెళ్లికి ముందువి: సంబంధం ఎలా వచ్చిందో చూపే మ్యాట్రిమోనీ ప్రొఫైల్ లేదా మధ్యవర్తితో నడిచిన మెసేజ్‌లు, పెళ్లిచూపులకు ఆయన ఇండియా వచ్చిన టికెట్, నిశ్చితార్థం ఫోటోలు. పెళ్లివి: శుభలేఖ, ఫంక్షన్ హాల్ రసీదు, ఫోటోలు. తర్వాతవి: ఆ మూడు వారాల్లో మీరిద్దరూ వెళ్లిన ఊళ్ల హోటల్ బిల్లులు, రైలు టికెట్లు, ఆయన పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు. ఇక ఇప్పటిదాకా మాట్లాడుకున్న వాట్సాప్ చాట్.

ఆల్బమ్ మొత్తం మోసుకెళ్లొద్దు. ఇరవై ఫోటోలు చాలు, అయితే ఏరడం తెలియాలి. మండపంలో మీరిద్దరూ కూర్చున్న ఫోటో ఒకటే ఉంచి, మిగతావి రెండు వైపుల వాళ్లూ కలిసి ఉన్నవి తీసుకోండి. మీ అమ్మానాన్న పక్కన ఆయన, ఆయన అమ్మానాన్న పక్కన మీరు కనిపించాలి. ప్రతి ఫోటో వెనుక తేదీ, ఊరు, ఎవరెవరో ఇంగ్లీషులో రాయండి. అన్ని ఫోటోల్లోనూ ఒకే పట్టుచీర, ఒకే పూలదండ ఉంటే అది ఒక్కరోజు సంగతే అవుతుంది. వేర్వేరు రోజుల్లో, మామూలు బట్టల్లో తీసుకున్న నాలుగు ఫోటోలు అంతకన్నా ఎక్కువ చెబుతాయి.

చాట్ కూడా అంతే. నెలకు రెండు మూడు పేజీలు ప్రింట్ తీయండి, తేదీలు కనబడాలి. ముద్దుమాటలకన్నా ఇంటి సంగతులున్న పేజీలే మేలు. ‘మామయ్యగారి షుగర్ రిపోర్ట్ వచ్చిందా’, ‘అపార్ట్‌మెంట్ లీజు ఎప్పటితో అయిపోతుంది’ లాంటి మాటలు ఎవరూ సాక్ష్యం కోసం కల్పించరు. రోజూ మాట్లాడుకున్నట్టు కాల్ లిస్టు ఒక పేజీ జతచేస్తే సరిపోతుంది.

డబ్బు విషయంలో ఇప్పటికీ చేయదగ్గది ఉంది. భారత సంతతి వ్యక్తిగా ఆయన ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో తెరిచే రూపాయి ఖాతా) తెరిచి, ఇక్కడుండే భార్యను ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ (ఖాతా మొదటివారిదే, వారి తర్వాతే రెండోవారిది) పద్ధతిలో జాయింట్‌గా చేర్చుకోవచ్చు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. ఆయన జీవిత బీమాలో, ఆఫీసు 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో మీ పేరు లబ్ధిదారుగా ఉన్న పేజీ తెప్పించుకోండి. ఇంటర్వ్యూకి వారం ముందు తెరిచిన ఖాతా మాత్రం అనుమానమే పెంచుతుంది. తెరిచేదుంటే ఇప్పుడే తెరిచి, నిజంగా వాడుకోండి.

ఒక్కటి మరవకండి. ఐ-130తో ఇచ్చిన కాగితాలు ఫైల్లో ఉంటాయి. ఆఫీసర్‌కి కొత్తగా కావలసింది ఆ తర్వాతి నెలల్లో మీ సంబంధం ఎలా సాగిందన్నదే. పిటిషన్ వేసిన రోజుతో ఆగిపోయిన ఫైలు బలహీనమైనది.

ప్రశ్న: మా శుభలేఖలో ‘శనివారం రాత్రి 2.10 గంటలకు, తెల్లవారితే ఆదివారం’ అని వేశారు. రిజిస్ట్రార్ సర్టిఫికెట్‌లో ఆదివారం తేదీ ఉంది. మా వారు ఐ-130లో శనివారం తేదీ వేశారు. ఇది సమస్యా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలుగువాళ్ల ఫైళ్లలో పుట్టే చిక్కు ఇది. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్నదే సరైన తేదీ. వీసా కోసం మీరు ఆన్‌లైన్‌లో నింపే దరఖాస్తు డీఎస్-260లో అదే ఉండాలి. ఇంకా సబ్మిట్ చేయకపోతే సరిచూసుకోండి. చేసేసి ఉంటే ఇంటర్వ్యూ మొదట్లోనే ‘పిటిషన్‌లో తేదీ ఒక రోజు తేడాగా ఉంది, ముహూర్తం అర్ధరాత్రి దాటాక’ అని మీరే చెప్పండి. శుభలేఖలో ఆ వాక్యానికి ఇంగ్లీషు అనువాదం చేయించి, అనువాదకుడి పేరు, సంతకం, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదం సరైనదేననీ ధ్రువీకరణతో చేతిలో ఉంచుకోండి. ముందే చెప్పినది సవరణ అవుతుంది. ఆఫీసర్ పట్టుకున్నాక చెప్పినది సంజాయిషీలా వినిపిస్తుంది.

పేర్లు కూడా ఇప్పుడే చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరు ఇలా మూడు రకాలుంటే, డీఎస్-260లో ‘వాడిన ఇతర పేర్లు’ అన్నచోట అన్నీ రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడికి వెళ్లాక ప్రతి కార్డులోనూ అదే వెంటాడుతుంది, అందుకని పాస్‌పోర్టు ముందే సరిచేయించుకోవడం మంచిది. గుళ్లోనో ఆర్యసమాజంలోనో ఇచ్చిన పత్రం ఒక్కటే సరిపోదు, రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: మా ఆయన పెళ్లయ్యాక వేసిన టాక్స్ రిటర్నులో ‘సింగిల్’ అని పెట్టారు. నాకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు కాబట్టి తప్పలేదంటున్నారు. ఇంటర్వ్యూలో అడుగుతారా?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అడగవచ్చు, అడిగితే న్యాయమే. ఐ-864 స్పాన్సర్‌షిప్ పత్రంతో జతపరిచే రిటర్ను అది. అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టిన కాగితంలో ఆయన తనకు పెళ్లి కాలేదంటున్నారు. ఇటు మీ ఫైలు పెళ్లయిందంటోంది. వంద ఫోటోలు లేని లోటు కన్నా ఈ ఒక్క గడి చేసే చెరుపు ఎక్కువ.

అమెరికా పన్ను చట్టంలో డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ సంవత్సరమంతా పెళ్లయినట్టే లెక్క. భార్యకు నంబర్ లేకపోవడం ‘సింగిల్’ అని పెట్టడానికి కారణం కాదు. సాఫ్ట్‌వేర్ ముందుకు కదలక చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. ‘మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ’ ఎంచుకుని, భార్య నంబర్ ఉండాల్సిన చోట ‘ఎన్ఆర్ఏ’ (అమెరికా నివాసి కాని విదేశీయులు) అని రాయవచ్చు. ఉమ్మడి రిటర్ను కావాలంటే డబ్ల్యూ-7 ఫారంతో మీకు ఐటిన్ (పన్ను గుర్తింపు నంబర్) తీసుకుని, మిమ్మల్ని అక్కడి నివాసిగా లెక్కించమని ఎంపిక పత్రం జతచేయాలి. అప్పుడు మీ ఇండియా ఆదాయం కూడా అందులో చూపాలి, కాబట్టి పన్ను సలహాదారుతో మాట్లాడాకే అటు వెళ్లండి.

వేసేసిన రిటర్నును 1040-ఎక్స్‌తో సవరించి, ఆ కాపీ ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. ఇంటర్వ్యూ పిలుపు రాకముందే సవరించడం ఎంతో మేలు. మీ వైపు కూడా ఒకటి గుర్తు తెచ్చుకోండి. పెళ్లయ్యాక ఎప్పుడైనా విజిటర్ వీసాకి దరఖాస్తు చేసి డీఎస్-160లో అవివాహిత అని రాసి ఉంటే, ఆ పాత దరఖాస్తు ఆఫీసర్‌కి కనబడుతుంది.

ప్రశ్న: ఏమేం ప్రశ్నలు అడుగుతారు? మా కన్సల్టెంట్ 150 ప్రశ్నల లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. మా ఆవిడ అక్కడి నుంచి రావాలా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆవిడ రానవసరం లేదు, కాన్సులేట్‌లో సాధారణంగా ప్రశ్నలడిగేది మిమ్మల్నే. భార్యాభర్తలను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూ అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసినవాళ్లది. స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు దాన్ని.

బట్టీ పట్టకండి. కిటికీ దగ్గర ప్రమాణం చేయించి, వేలిముద్రలు తీసుకుని మామూలుగానే మొదలుపెడతారు. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఆవిడ ఏం ఉద్యోగం చేస్తారు, ఎవరితో ఉంటున్నారు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎందరు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, చివరిసారి ఎప్పుడు కలుసుకున్నారు. అసలు పరీక్ష రెండో ప్రశ్నలో ఉంటుంది. ‘ఆవిడ నర్సు’ అని మీరంటే, ‘ఏ షిఫ్టు?’ అంటారు. నైట్ డ్యూటీ చేసే మనిషితో ఏ వేళప్పుడు మాట్లాడుకుంటున్నారో కాపురం చేయబోయేవాడు తడుముకోకుండా చెబుతాడు, లిస్టు చదివినవాడు ఆగిపోతాడు. మీకు అవసరమైన తయారీ ఒక సాయంత్రం ఆవిడతో వీడియో కాల్‌లో కూర్చుని ఐ-130, డీఎస్-260 మొదటి పేజీ నుంచి చివరిదాకా కలిసి చదవడం. డీఎస్-260లో పదహారేళ్ల వయసు నుంచి ఉన్న చిరునామాలన్నీ అడుగుతారు, హాస్టళ్లతో సహా. అక్కడ రాసినదానికీ మీరు చెప్పేదానికీ తేడా రాకూడదు.

తెలియనిది తెలియదనండి. ఆవిడ జీతం మీకు సరిగ్గా తెలియకపోతే సుమారుగా చెప్పి, ‘కచ్చితమైన అంకె ఐ-864లో ఉంది’ అనండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. సగం అర్థమై ఇచ్చిన జవాబు తర్వాత దిద్దుకోవడం కష్టం.

ప్రశ్న: మా వారికి ఇది రెండో పెళ్లి. మొదటి భార్యకు గ్రీన్‌కార్డు వచ్చింది కూడా ఆయన పిటిషన్ మీదే. అడగకపోతే చెప్పాలా?
ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వాళ్లకు ముందే తెలుసు. పాత పిటిషన్ల వివరాలు ఐ-130లోనే అడుగుతారు. ఒకే వ్యక్తి రెండోసారి పిటిషన్ వేయడం, విడాకులైన కొద్ది రోజులకే పెళ్లి, వయసులో పెద్ద తేడా, ఇద్దరికీ ఉమ్మడి భాష లేకపోవడం, ఇంట్లోవాళ్లకు తెలియకుండా చేసుకోవడం వంటివి ఆఫీసర్‌ను జాగ్రత్తపడేలా చేస్తాయి. వీటిలో ఏదీ తిరస్కరణకు కారణం కాదు, ప్రశ్నలు పెరగడానికి కారణం మాత్రమే.

తుది విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ ఉండాలి, దాని తేదీ మీ పెళ్లి తేదీకి ముందుదై ఉండాలి. ఆ పెళ్లి ఎన్నేళ్లు నిలిచిందో, ఎందుకు విడిపోయారో, పిల్లలుంటే ఎవరి దగ్గర ఉన్నారో మీకు తెలిసి ఉండాలి. భర్త మొదటి కాపురం గురించి ఏమీ తెలియదని భార్య చెబితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అడగడానికి మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, అయినా అడిగి తెలుసుకోండి. మీ కేసులో అఫిడవిట్లకు విలువ ఎక్కువ. రెండు కుటుంబాల నుంచీ ఒక్కొక్కరు తమ పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, మీతో బంధుత్వం, మీ కాపురం గురించి తమకు స్వయంగా ఎలా తెలుసో సొంత మాటల్లో రాయాలి. రెండూ ఒకే లాయర్ టైపు చేయించిన ఒకే వాక్యాలతో ఉంటే రెండింటికీ విలువ పోతుంది.

ప్రశ్న: వీడియో కాల్‌లో పెళ్లి జరిగింది, తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. చెల్లుతుందా?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వధూవరులు ఎదురెదురుగా లేకుండా జరిగిన పెళ్లిని అమెరికా ఇమిగ్రేషన్ చట్టం ఆ తర్వాత దాంపత్యం జరిగితేనే గుర్తిస్తుంది. పెళ్లికి ముందు కలిసి ఉన్నది లెక్కకు రాదు. కాబట్టి ఆ తేదీ తర్వాత ఇద్దరూ ఒకేచోట ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రలు, హోటల్ బిల్లులు కావాలి. ఆ కలయిక పిటిషన్ వేయకముందే జరిగి ఉండాలి.

ప్రశ్న: ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) కాగితం చేతిలో పెట్టారు. వీసా పోయినట్టేనా?
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: 221(జి) అంటే వీసా ప్రస్తుతానికి ఇవ్వలేదని. కాగితంలో ఏం రాసి ఉందో చూడండి. ఫలానా పత్రాలు ఇవ్వమంటే, అడిగినవన్నీ ఒకేసారి, చెప్పిన పద్ధతిలోనే పంపండి. ఏడాది గడిచినా పంపకపోతే దరఖాస్తు రద్దవుతుంది. ఏమీ అడగకుండా పరిశీలనలో ఉందంటే ఎదురుచూడటమే, దానికి కచ్చితమైన గడువు లేదు.

పెళ్లి మీదే నమ్మకం కుదరకపోతే ఆఫీసర్ పిటిషన్‌ను, దాన్ని ఆమోదించిన అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి తిప్పి పంపుతారు. అక్కడి నుంచి మీ భర్తకు రద్దు ఉద్దేశ నోటీసు వస్తుంది. జవాబుకు గడువు చాలా తక్కువ, సాధారణంగా 30 రోజులు. ఆ నోటీసును తేలిగ్గా తీసుకోవద్దు. మోసపు పెళ్లి అని ఒకసారి తేలితే 204(సి) సెక్షన్ కింద ఇక ముందు ఎవరు పిటిషన్ వేసినా, తోబుట్టువులైనా కంపెనీ అయినా, ఆమోదించరు. దానికి మినహాయింపు దరఖాస్తు కూడా లేదు. నోటీసు వస్తే ఇమిగ్రేషన్ లాయర్‌ను పెట్టుకుని, ఆఫీసర్ ఎత్తిచూపిన ఒక్కొక్క అంశానికీ విడిగా ఆధారం చూపాలి. ఇంటర్వ్యూలో అడిగినవీ మీరు చెప్పినవీ ఈరోజే, గుర్తున్నంతవరకూ, వరుసగా కాగితం మీద పెట్టి ఉంచుకోండి.

ప్రశ్న: వీసా వచ్చింది, సీఆర్1 అని ఉంది. ఇక పెళ్లి రుజువులు పారేయవచ్చా?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే మీకు వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. అది ముగిసే తేదీకి ముందు 90 రోజుల్లోపు ఇద్దరూ కలిసి ఐ-751 (షరతులు తీసేయమని అడిగే దరఖాస్తు) వేయాలి. ఈసారి దూరంగా ఉన్నామన్న కారణం చెల్లదు కాబట్టి లీజు, కరెంటు బిల్లు, కారు ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతా ఇద్దరి పేర్ల మీదా పెట్టించుకోండి. వెళ్లిన మొదటి నెలలోనే మొదలుపెట్టండి. వీసా గడువులోనే ప్రయాణం ఉంచుకుని, ఈలోగా పెళ్లికి రెండేళ్లు నిండేలా ఉంటే, నిండాకే దిగండి. విమానాశ్రయంలో అధికారికి పెళ్లి సర్టిఫికెట్ చూపించి ఐఆర్1గా (షరతులు లేని కేటగిరీ) నమోదు చేయమని అడిగితే పదేళ్ల కార్డు వస్తుంది, ఐ-751 అవసరమే ఉండదు.