చదివిన నవలే మళ్లీ ఎందుకు?

ప్రశ్న: నేను చదివిన నవలలే మళ్లీ మళ్లీ తీస్తుంటే మా వారు 'కథ తెలిసిపోయాక ఇంకేముంటుంది?' అంటారు. మీకూ ఆ అలవాటుందా? నచ్చని నవల మధ్యలో వదిలేస్తారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందమ్మా, చిన్నప్పటి నుంచీ. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. ఒక్కోసారి ఏదో ఒక వారం పేజీలు దొరికేవి కావు. ఆ భాగం అమ్మే నోటితో చెప్పేది, వంట చేస్తూ. అలా విన్న అధ్యాయాలే నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' నాలుగుసార్లు చదివాను. 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల అది. ఇంటర్‌లో ఉండగా చదివితే ఇందిర మీద ఒళ్లు మండింది, కల్యాణి కోసం ఏడ్చాను. నలభై దాటాక చదివితే ఉద్యోగం చేసుకుంటూ, తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలీ కోరని ఇందిరే కళ్ల ముందు నిలబడింది. ఆ పిల్లను అపార్థం చేసుకున్నందుకు నిజంగా బాధపడ్డాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు కదా! మీ వారికి ఈ సంగతి చెప్పండి.

ఇక వదిలేయడమంటారా, యాభై పేజీలు చూస్తాను. మనుషులు మాట్లాడే తీరు నిజమనిపించకపోతే పక్కన పెట్టేస్తాను. కథ నెమ్మదిగా నడుస్తోందని మాత్రం ఎప్పుడూ వదల్లేదు. చివరి పేజీ ముందే చూసే అలవాటు లేదు.