సందేహాలు – సమాధానాలు: కఠారి ఏది, బాకు ఏది?

సందేహం: మా తాతగారి నాటి ఒక ఆయుధాన్ని ఇంట్లో అందరం ‘కటారి’ అంటాం. నిటారు పిడి, జానెడు అలుగు (కత్తిలో పదునుండే భాగం), రెండు వైపులా పదును. సాలార్‌జంగ్ మ్యూజియంలో అదే పేరుతో ఉన్నదానికి పిడి అడ్డంగా ఉంది. మేం అంటున్నది తప్పా? పాత కత్తులు సేకరిస్తున్నాను. చీటీల మీద కటారి, బాకు, చురకత్తి, చాకు అనే మాటల్లో దేనికి ఏది రాయాలి? కఠారి అనాలా, కటారి అనాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: నాలుగు పేర్లు అడిగారు గానీ చిక్కంతా కఠారి దగ్గరే ఉంది. మిగతా మూడూ ముందు తేల్చేద్దాం. చాకు తుర్కీ, పారసీ భాషల మాట, హిందుస్తానీ మీదుగా మనకు వచ్చింది. మడత కత్తికీ వంటింటి చిన్న కత్తికీ అది చాలు. చురకత్తిలోని ‘చుర’ సంస్కృత ఛురికకు చుట్టం; మంగలికత్తికి పేరైన క్షురమూ, క్షురకుడూ ఆ ఇంటివాళ్లే. ఒకవైపే పదునున్న సన్నని కత్తికి ఆ పేరు రాయండి. బాకు రెండువైపులా పదునుండి, పొడవడానికి పనికొచ్చేది. ‘వంక’ నుంచి పుట్టిన ‘బాంక్’ అనే వంపు కత్తి పేరే బాకు అయిందేమోనని నా ఊహ. ఇవాళ్టి బాకుల్లో చాలావాటికి వంపు లేదు కనుక దాని మీద పట్టుపట్టను.

ఇక కఠారి. దీన్ని పోల్చుకోవాలంటే అలుగును కాదు, పిడిని చూడాలి. మామూలు కత్తికి పిడీ అలుగూ ఒకే వరుసలో ఉంటాయి. కఠారికి అలుగు మొదట్లోంచి రెండు పక్కబద్దలు వెనక్కి వస్తాయి, వాటి మధ్య రెండు అడ్డకడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీలను పిడికిట బిగిస్తే పక్కబద్దలు ముంజేతికి ఇరువైపులా ఆనుతాయి, మొన కణుపులకు సూటిగా ముందుకు నిలుస్తుంది. గుద్దినట్టు పొడవడానికి చేసిన ఆయుధం ఇది. అందుకే చాలా కఠారులకు మొన దగ్గర అలుగు పలచబడక దళసరి అవుతుంది. ఇనుప గొలుసుల కవచంలో దూరేటప్పుడు పలచని మొన వంగిపోతుంది, విరిగిపోతుంది. పాత కఠారి మొన మొద్దుగా కనబడిందని సానపెట్టించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పేరు సంగతి చూద్దాం. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరుడు చిన్న కత్తికి ‘స్యాచ్ఛస్త్రీ చాసిపుత్రీ చ ఛురికా చాసిధేనుకా’ అని నాలుగు పేర్లు చెప్పాడు. కఠారికి సంస్కృత రూపమైన ‘కట్టార’ ఆ వరుసలో లేదు. తర్వాతి నిఘంటువుల్లో కనిపించే ఆ మాట దేశభాషల నుంచి సంస్కృతం పుచ్చుకున్నదని నా అభిప్రాయం. తమిళంలో అది కట్టారి, కన్నడంలో కఠారి. మనకు రెండు రూపాలూ ఉన్నాయి. ఒత్తు ఠకారానికి సాళువ వంశం బిరుదులు గట్టి అండ. విజయనగరాన్ని 1485 నుంచి 1491 వరకు ఏలిన సాళువ నరసింహరాయల బిరుదుల్లో ‘మీసరగండ’ పక్కనే ‘కఠారిసాళువ’ ఉంది. సాళువ అంటే డేగ. వేటకు వదిలే డేగనూ చేతిలోని కఠారినీ కలిపి ఒక వంశం తన పేరు చేసుకుంది. ఆ నరసింహరాయలకే పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతం అంకితమిచ్చాడు. ఇంత చరిత్ర ఉన్న మాటను ఇవాళ అమ్మకందార్లు ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకుని ‘కతార్’ అని రాస్తున్నారు. అది గల్ఫులో దేశం పేరండీ! ‘ట’ మన అక్షరమాలలో ఉండగా ‘త’ ఎందుకు?

దీనికే తెలుగులో ఇంకో పేరుంది, జముదాడి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇది. యముడు జముడైనట్టే, యోధుడు జోదు అయినట్టే, మొదటి యకారం జకారమైంది. ‘దాడి’ అంటే ఇక్కడ ముట్టడి కాదు. దంష్ట్ర ప్రాకృతంలో దాఢా అయింది; హిందీలో దవడపన్ను ఈనాటికీ దాఢ్. అంటే జముదాడి యముడి కోర. ‘యముడి దాడి’ అని అర్థం చెప్పే కుర్ర వ్యాఖ్యాతలు ఒక్కసారి నిఘంటువు తిప్పితే బాగుండును. రాజస్థానంలో ఇదే మాట జమదాఢ. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ రాసిన ఆయిన్‌-ఎ-అక్బరీలో అడ్డపిడి ఆయుధానికి ఉన్న పేరు జమ్‌ధర్. కటార పేరు ఆ పట్టికలో వేరుగా ఉంది. బ్రిటిష్ వాళ్ల 19వ శతాబ్దపు కేటలాగుల్లో అడ్డపిడికి కటార్ పేరే స్థిరపడింది, మ్యూజియం చీటీలు ఆ దారినే పోయాయి. అందుచేత మీ ఇంటివాడుక తప్పని నేను అనలేను. పల్లెల్లో బొడ్లో దోపుకునే ఏ పొడుపుకత్తినైనా కటారి అనడం ఉంది.

సేకరించేవారికి పేరుతో పాటు వయసూ ఊరూ కావాలి. చేతి వెనుక తెరచాపలా ఉబ్బిన రేకు ఉంటే అది విజయనగర, తంజావూరు పక్కది. అలాంటివాటిలో చాలావాటికి అలుగు ఐరోపా కత్తిది. ఇక్కడి పిడిలో మేకులతో బిగించారు. కాబట్టి అలుగు మీద విదేశీ ముద్ర కనిపిస్తే నకిలీ అని పారేయకండి. రేకు లేకుండా పక్కబద్దల మీద బంగారు తీగ అదిమిన పని ఉంటే ఉత్తరాది వైపు చూడండి. అడ్డకడ్డీలు నొక్కితే అలుగు కత్తెరలా విచ్చి లోపల ఇంకో అలుగు కనిపించే రకం ఎక్కువగా 18, 19 శతాబ్దాల వేడుక సరుకు. బద్దా అలుగూ కలిసేచోట వెల్డింగు ముద్ద కనిపించినా, మర మేకులున్నా కొత్తది, లేదా కొత్తగా అతికింది. నిజమైన తుప్పు ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన తింటుంది. సందుల్లో సహా అంతటా ఒకే రంగుంటే ఆమ్లంలో ముంచినదని అనుమానించండి.

శుభ్రం చేసేటప్పుడు చింతపండు, నిమ్మరసం దగ్గరికి రానివ్వకండి. మూసలో కరిగించి తీసిన పాత ఉక్కు మీది నీటి అలల్లాంటి రేఖలూ, బంగారు పనీ ఆ పులుపుకీ రాపిడికీ చెడిపోతాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు ఆ జాతిదే. మీ ప్రాంతపు పాత అలుగుల్లో అది ఉండవచ్చు. మెత్తని గుడ్డతో కుట్టుమిషను నూనె పల్చగా రాస్తే చాలు. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమ పట్టి అలుగును తినేస్తుంది. ఒరను పక్కనే విడిగా ఉంచండి.

పత్రికలవాళ్లకూ ఒక మాట. హత్య జరిగిన ప్రతిచోటా వేటకొడవలి అని రాయకండి. కొడవలిలోని ‘కొడు’ వంకరను చెబుతుంది, ‘వాలు’ మన పాత తెలుగులో ఖడ్గం. వంపులేని కత్తిని కొడవలి అనడం ఏ న్యాయం? హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బుల వంపు కత్తి జంబియాను బాకు అన్నా ఒప్పుకుంటాను గానీ కఠారి అంటే ఒప్పుకోను.

మీ చీటీ మీద ‘బాకు; ఇంటివాడుకలో కటారి’ అని రాయండి. అడ్డపిడి దొరికితే దానికి ‘కఠారి (జముదాడి)’ అని రాసి, కొలిచేటప్పుడు అలుగు పొడవును పక్కబద్దల పొడవుతో కలపకుండా విడిగా వేయండి.