సోషియాలజీ చదివిన మేనకోడలికి

అమ్మలూ,

"సోషియాలజీతో ఏ ఉద్యోగం వస్తుందే?" అని చుట్టాలంతా అడుగుతున్నారని, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని రాశావు. ఊళ్లు తిరిగి ఉద్యోగం చేసిన మీ అత్త మాట ఒకసారి విను.

ఉపాధి హామీ పనుల మీద మన దగ్గర 2006లో సామాజిక తనిఖీలు, అంటే పనులూ కూలీ లెక్కలూ నిజమేనా అని ఊళ్లోవాళ్లనే అడిగి సరిచూడటం, మొదలయ్యాయి. ఆ పని మీద ఒక ఊరెళ్లాను. ఒక ముసలమ్మ ఆరు రోజులు పని చేసినట్టు మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఉంది, వేలిముద్ర కూడా ఉంది. మధ్యాహ్నం రచ్చబండ దగ్గర అడిగితే "చేశానమ్మా" అంది. పొద్దుగూకాక వాళ్లింటికెళ్లి, ఆమె వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చున్నాను. ఆ వారమంతా కూతురి పురిటికి వెళ్లి వేరే ఊళ్లో ఉన్నానని అప్పుడు చెప్పింది. పని ఇచ్చే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే పగలెలా చెప్తుంది? ఎవరి ముందు ఎవరు నోరు విప్పరో కనిపెట్టడం నీ చదువు నేర్పింది. కంపెనీలు తమ యాప్ వాడేవాళ్ల చేత మనసులో మాట చెప్పించడానికి మనుషుల్ని పెట్టుకునేదీ ఆ నేర్పు కోసమే.

గ్రూప్-1 మెయిన్స్‌లో సమాజం మీద పేపరుంది, సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కి 500 మార్కులు. రాయాలనుంటే రాయి, కానీ ఎన్నేళ్లు రాస్తావో ముందే గీత గీసుకో. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా పీజీ, ఆపైన నెట్ గానీ సెట్ గానీ అనే అర్హత పరీక్ష పాసై ఉండాలి. ఆసుపత్రుల్లో, కౌన్సెలింగ్‌లో చాలా పోస్టులకు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అడుగుతారు, ఎంఏలో చేరేముందే ఇది ఆలోచించుకో. స్వచ్ఛంద సంస్థలో చేరేటట్టయితే ప్రాజెక్టుకి ఎన్నేళ్ల నిధులున్నాయో మొహమాటపడకుండా అడుగు. నేను అడగలేదు. ఏడాదిన్నరకే ప్రాజెక్టు ఆగిపోయి ఖాళీగా ఇంట్లో కూర్చున్నాను.

ఎక్సెల్ నేర్చుకో. అంతకన్నా ముందు హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట బస్సెక్కు. మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో తన బృందంతో అధ్యయనం చేసింది ఆ ఊరినే, 'ఇండియన్ విలేజ్' అని 1955లో పుస్తకమైంది. అందులో ఒక్క అధ్యాయం చదువు. అదే సంగతి ఇప్పుడెలా ఉందో పది ఇళ్లలో అడుగు. విన్నది విన్నట్టు తెలుగులో నాలుగు పేజీలు, దాని సారం ఇంగ్లీషులో రెండు పేజీలు రాయి. ఇంటర్వ్యూలో చేతిలో అలాంటి రిపోర్టు ఉన్న పిల్లతో మాట్లాడే తీరే వేరు. అవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పేజీలు పట్టుకురా, కూర్చుని దిద్దుకుందాం.

మీ అత్త