రికార్డు గది: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా సహకార సంఘంలో రికార్డు గది బాధ్యత కొత్తగా నాకు అప్పగించారు. ఇరవై ఏళ్ల కట్టలున్నాయి. అన్నీ విప్పి అప్పులవి, జీతాలవి, ఆస్తులవి విడివిడిగా సర్దుదామనుకుంటున్నాను. సరైనదేనా?
– ఒక గుమాస్తా, తెనాలి

జవాబు: దయచేసి కట్టలు కలపకండి. అర్జీ, దాని మీద విచారణ, నోటు, ఆఖరి ఉత్తర్వు వరసగా ఉంటేనే ఆ నిర్ణయం ఎవరు, ఎందుకు తీసుకున్నారో తెలుస్తుంది. ఉత్తర్వులన్నీ ఏరి ఒకచోట పెడితే ఆ లంకె తెగిపోతుంది, మళ్లీ అతకడం దాదాపు అసాధ్యం. ఏ సెక్షన్‌లో పుట్టిన కాగితం ఆ సెక్షన్ కట్టలోనే ఉండాలి. విషయాన్ని బట్టి వెతుక్కోవడానికి జాబితా రాసుకుంటే చాలు కదా, కాగితాలను కదిలించడం దేనికి?

ముందు గదిని ఉన్నదున్నట్టు ఫోటోలు తీయండి. తర్వాత బీరువాకో అక్షరం, అరకో అంకె, కట్టకో అంకె ఇవ్వండి. బి-3-12 అంటే బి బీరువా, మూడో అర, పన్నెండో కట్ట. జాబితాలో ఒక్కో ఫైలుకు ఒక్కో వరస: సెక్షన్, ఫైలు నంబరు, విషయం, మొదటి తేదీ, చివరి తేదీ, ఎన్ని పుటలు, ఎక్కడుంది. పుటల నంబర్లు మెత్తని పెన్సిల్‌తోనే వేయండి. పెన్ను సిరా చెమ్మకు పాకుతుంది, చెరపడమూ కుదరదు.

ఫైలు బయటికి వెళ్లినప్పుడల్లా దాని స్థానంలో ఒక అట్టచీటీ ఉండాలి: ఎవరు, ఏ తేదీన తీసుకున్నారు అని. 'పోయింది' అనుకున్న ఫైలు చాలాసార్లు పక్క అరలోనే దొరుకుతుంది.

ప్రశ్న: చిరిగిన పాత దస్తావేజులకు లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది, తర్వాత విడదీయలేం. సెలోటేపూ అంతే. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి, జిగురు పసుపు మరకగా మిగులుతుంది. చిరుగుకు జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం), గోధుమ గంజి వాడతారు. అంతకుముందు సిరా తడికి పాకుతుందేమో ఓ మూల చిన్న చుక్కతో చూడాలి. తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులను లాగకండి, వెనకవైపు కాళ్లు విప్పి తీయండి. రబ్బరు బ్యాండుకు బదులు వెడల్పాటి నూలు నాడా మేలు. అరలు గోడకూ నేలకూ 15 సెంటీమీటర్లు ఎడంగా ఉంటే చెమ్మ, చెదలు త్వరగా కంటపడతాయి.

ప్రశ్న: ప్రభుత్వ కార్యాలయంలో పాత ఫైళ్లను ఎన్నేళ్లకు తీసేయవచ్చు?
– ఒక ఉద్యోగి, వరంగల్

జవాబు: ఫైలు మూసేటప్పుడు ఇచ్చిన డిస్పోజల్ వర్గాన్ని, అంటే దాన్ని ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే గుర్తును చూడండి. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్లు. కోర్టు కేసు, ఆడిట్ అభ్యంతరం తేలకుండా ఉంటే గడువు దాటినా ముట్టుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం వర్తిస్తుంది. నిబంధనలకు విరుద్ధంగా ధ్వంసం చేస్తే ఐదేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తీసేసే ఫైళ్ల జాబితా మీద అధికారి సంతకం ముందే తీసుకోండి. ఫైళ్లు పోయినా ఆ జాబితాను మాత్రం శాశ్వతంగా ఉంచండి.