ప్లగిన్ల కోసం కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఆర్క్ మూడో సంవత్సరం చదువుతోంది. స్కెచప్ (భవనాల త్రీడీ నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో ప్లగిన్లు బాగా వస్తేనే ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో ఉద్యోగమిస్తారని సీనియర్లు చెప్పారట. వాటి కోసమే విడిగా ఒక కోర్సులో చేరతానంటోంది. ఫీజు కట్టమంటారా?
- ఒక తండ్రి

జవాబు: ప్లగిన్లు నేర్చుకోవాలన్న మీ అమ్మాయి ఆలోచన సరైనదే కానీ, వాటి కోసం ప్రత్యేకంగా ఫీజు కట్టాల్సిన అవసరం లేదు. స్కెచప్‌లో ప్లాన్ గీసి గోడలు పైకి లేపడం తేలికే అయినా, మెట్లు, వాలు కప్పులు, వంపు గోడల దగ్గరికి వచ్చేసరికి పని బాగా నెమ్మదిస్తుంది. అక్కడ చేయూతనిచ్చేవే రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఈ ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములు. స్కెచప్‌లో తలాన్ని లాగి మందం ఇచ్చే పుష్‌పుల్ అనే సాధనం చదునైన తలాల మీదే పనిచేస్తుంది కనుక వంపు గోడకు మందం ఇవ్వాలంటే జాయింట్ పుష్‌పుల్ అనే ప్లగిన్ కావాలి. 1001బిట్ టూల్స్‌కు కొలతలిస్తే మెట్లు, కిటికీలు, కప్పులు తయారుచేసి పెడుతుంది. క్లీనప్ అనే ప్లగిన్ మోడల్‌లో పేరుకున్న అనవసరపు గీతలను, వాడని మెటీరియళ్లను తీసేసి ఫైలును తేలిక చేస్తుంది. ప్రస్తుతానికి ఈ మూడూ చాలు. కనిపించినవన్నీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంది, వెర్షన్ మారినప్పుడు కొన్ని పనిచేయడం మానేస్తాయి.

అయితే ఆఫీసులో ఎవరైనా చూసేది ప్లగిన్ వెనుక ఉన్న లెక్క ఆమెకు తెలుసా లేదా అన్నదే. అంతస్తు ఎత్తు 3,150 మిల్లీమీటర్లనుకుందాం. 18 రైజర్లు (ఒక్కో మెట్టు నిలువు ఎత్తు) కావాలంటే ప్లగిన్ ఒక్కోదాన్ని 175 మిల్లీమీటర్లకు లెక్కగట్టి క్షణాల్లో మెట్లు నిలబెడుతుంది. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇళ్లలో రైజర్ 190 మిల్లీమీటర్లు మించకూడదు, ట్రెడ్ (మెట్టు మీద కాలు పెట్టే వెడల్పు) 250కి తగ్గకూడదు కాబట్టి ఇంటికి ఆ మెట్లు సరిపోతాయి. అవే మెట్లు సినిమా హాలులో పెడితే తప్పవుతుంది. అక్కడ రైజర్ 150 మించకూడదు, ట్రెడ్ 300కి తగ్గకూడదు. అంటే రైజర్లు 21 అవుతాయి, మెట్లకు పట్టే స్థలం పెరుగుతుంది, దాంతో ప్లానే మార్చుకోవాల్సి వస్తుంది. ఏ భవనానికి ఏ కొలత ఇవ్వాలన్నది మనిషే నిర్ణయించాలి. కాలేజీలో బిల్డింగ్ కన్‌స్ట్రక్షన్ పాఠం నేర్పేది దీన్నే, కనుక ఆ సబ్జెక్టును ఆమె ఎంతమాత్రం అశ్రద్ధ చేయకూడదు.

కోర్సుకు పెట్టాలనుకున్న సమయాన్ని రెవిట్ అనే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు కేటాయించమనండి. పెద్ద ఆఫీసుల్లో నిర్మాణ డ్రాయింగులు ఎక్కువగా అందులోనే తయారవుతాయి, విద్యార్థులకు తయారీ సంస్థ ఆటోడెస్క్ దాన్ని ఉచితంగానే ఇస్తోంది. అది చేతికి వచ్చాక అందులోని డైనమో అనే సాధనం మొదలుపెట్టవచ్చు. డైనమోలో బ్లాకులను తీగలతో కలుపుతూ, పదేపదే చేసే పనిని తానే ఆటోమేట్ చేసుకోగలుగుతుంది. సంక్లిష్టమైన ఆకృతుల మీద ఆసక్తి ఉంటే రైనో అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోని గ్రాస్‌హాపర్ కూడా అలాంటిదే. 2018లో వచ్చిన రైనో 6 నుంచి అది సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తోంది. పరాయి ప్లగిన్లు పది వాడటం కన్నా తన అవసరానికి ఒక చిన్న స్క్రిప్టు రాసుకోగలగడం ఉద్యోగంలో ఎక్కువ అక్కరకొస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంకొక్క మాట. బ్రౌజర్లో నడిచే ఉచిత స్కెచప్‌లో ప్లగిన్లు పనిచేయవు, కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునే వెర్షనే ఉండాలి. ప్లగిన్లలో కొన్నింటికి లైసెన్సు కొనాలి. డబ్బు మిగులుతుందని క్రాక్ చేసిన ఫైళ్లు దించుకోనివ్వకండి. వాటితో వైరస్ వస్తే సెమిస్టర్ పనంతా పోయే ప్రమాదం ఉంది. ఈ సెమిస్టర్ డిజైన్‌లోని మెట్లను ముందు కాగితం మీద లెక్కవేసి, ప్లగిన్ లేకుండా ఒకసారి, ప్లగిన్‌తో మరోసారి మోడల్ చేయమనండి. ఆ లెక్క కాగితాన్ని కూడా పోర్ట్‌ఫోలియోలో పెట్టమని చెప్పండి.