అడ్వాన్సు తీరేదాకా గుంట దగ్గరే ఉండాలంటున్నారా?

అన్నా, మీ బావ నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటకు కాపలా ఉంటూ 40 వేలు అడ్వాన్సు తీసుకున్నాడని, అది తీరేదాకా కుటుంబాన్ని కదలనివ్వడం లేదని, ఆధార్ కార్డులూ యజమాని దగ్గరే ఉన్నాయని రాశారు. ఎలా తీర్చాలి అని కదా అడిగారు? తీర్చకండి.

అప్పు పేరుతో మనిషిని ఇలా కట్టిపడేస్తే చట్టం దాన్ని వెట్టిచాకిరీ అంటుంది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయినట్టే. తర్వాత దాని కింద డబ్బు తీసుకుంటే అదీ నేరమే, మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది కూడా యజమానే. అందుకే అప్పు నోటు మీద వేలిముద్ర ఉందని టెన్షన్ పడొద్దు.

ఆర్డీఓకు అర్జీ రాయండి. నెలకు చేతికి ఎంత ఇస్తున్నారు, బియ్యం, మందుల ఖర్చు బాకీలో ఎలా కలిపారు, బంధువుల పెళ్లికి కూడా పంపలేదా, అన్నీ రాయండి. విచారణ అయ్యాక విడుదల పత్రం అడిగి తీసుకోండి. పునరావాస సాయం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ బావ వాళ్లు యానాదులు, అంటే ఎస్టీలు కాబట్టి, యజమాని ఎస్సీ, ఎస్టీ కాకపోతే 1989 అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది. గిరిజన భూముల బదిలీ గురించిన 1/70 చట్టం ఊసెత్తకండి, అది షెడ్యూల్డ్ ప్రాంతాలకు, నెల్లూరులో అవి లేవు. ఉచిత లాయర్ కోసం 15100కి ఫోన్ చేయండి.

పెద్దమనుషుల పంచాయితీకి మాత్రం ఒప్పుకోకండి. ఇంకో గుంటాయన ఆ బాకీ కట్టి వీళ్లను తన దగ్గరికి తీసుకుపోతాడు, అంతే.