పెళ్లి సంగతి దాచి ఆటలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మావారు డాన్స్ మాస్టరు. ఒక రియాలిటీ షో కోసం హైదరాబాదులో జరిగిన ఎంపికల్లో చివరి దశకు చేరారు. పెళ్లికాని కుర్రాడినని చెప్పుకుంటే ఓట్లు ఎక్కువ పడతాయని అక్కడ పరిచయమైన ఒకాయన అన్నారట. అప్పటి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో మా పెళ్లి ఫొటోలు తీసేయమని మా అత్తగారు పోరు పెడుతున్నారు. మూడు నెలలే కదా, ఓర్చుకోమని మావారు అంటున్నారు. కాదంటే ఆయన అవకాశం చెడగొట్టినదాన్ని అవుతానేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ ఫొటోలు తీయవద్దు.

సంసారం గురించి నలుగురిలో మాట్లాడకపోవడం మీ ఇద్దరి హక్కు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పు చెప్పింది కూడా. "నాకు పెళ్లయింది, నా భార్య గురించి ఇక్కడ మాట్లాడను" అని మీవారు అంటే ఎవరూ తప్పు పట్టలేరు. పెళ్లే కాలేదనడం మాత్రం గోప్యత కిందికి రాదు. పందిట్లో అక్షింతలు వేసిన బంధువులకు, ఆయన దగ్గర డాన్స్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు తెలిసిన సంగతి టీవీ చూసేవాళ్లకు తెలియకుండా ఎన్నాళ్లు ఆగుతుంది?

పైగా ఇలాంటి షోలకు పోటీదారుల రహస్యాలే సరుకు. 2022లో వచ్చిన హిందీ షో 'లాకప్'లో ఎలిమినేషన్ తప్పించుకోవడానికి తన రహస్యమొకటి బయటపెట్టడం ఆటలోనే భాగం. హాస్య కళాకారుడు మునావర్ ఫారూఖీ తనకు పెళ్లయిందని, కొడుకున్నాడని అక్కడే అందరి ముందూ ఒప్పుకోవలసి వచ్చింది. అయినా ఆ షో గెలిచింది ఆయనే. మన దగ్గర 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్‌లోకి వరుణ్ సందేశ్, వితికా షేరు భార్యాభర్తలుగానే వెళ్లారు, వరుణ్ ఫైనల్ దాకా నిలిచారు. పెళ్లయినవాడికి ఓట్లు పడవన్న మాటను మీరు నమ్మనక్కరలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. అటువంటి ఆటల్లో ఫోను ఉండదు, బయటి కబురు లోపలికి చేరదు. మీ సంగతి మధ్యలో ఏ యూట్యూబ్ ఛానలుకో చిక్కితే లోపల ఉన్న మీవారికి తెలియనే తెలియదు, మైకులు పట్టుకుని అందరూ మీ గుమ్మం ముందుకే వస్తారు. పెళ్లికాని కుర్రాడని చెప్పాక లోపలి అమ్మాయి ఎవరితోనో ఆయనకు లవ్ ట్రాక్ కలిపి చూపించడం ఎంతసేపు? ఆ అమ్మాయి కూడా నిజమని నమ్మి మనసు పెట్టుకుంటే ఆమెకు జరిగే అన్యాయానికి ఎవరు బాధ్యులు? ఈ ప్రశ్న మీవారిని సూటిగా అడగండి. కొడుకు తెరమీద వెలగాలన్న మీ అత్తగారి ఆశను నేను తప్పు పట్టను, కానీ కోడలిని కనపడకుండా చేసి ఆ ఆశ తీర్చుకోమనే హక్కు ఆమెకు లేదు.

దాచమని చెప్పినాయన అసలు నిర్మాణ సంస్థ మనిషేనా, లేక ఉచిత సలహా ఇచ్చారా అన్నది ముందు తేల్చుకోండి. సంస్థే అడుగుతున్నట్లయితే ఆ మాట కాగితం మీద రాసివ్వమని మీవారినే అడగమనండి. దరఖాస్తులో వివాహితుడనే రాయించి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒప్పందం మీద సంతకం పెట్టేలోపు దాన్ని ఒక న్యాయవాదికి చూపించి, మీ పేరును, ఫొటోలను వాడుకునే అనుమతి ఏ షరతులోనైనా ఉందేమో చదివించుకోండి. ఉంటే దానికి మీ సమ్మతి కూడా అవసరమని అందులో చేర్పించండి.